గట్టిగా కట్టెయ్

నా ఎడమ కాలి మీద పడ్డ పైపుకి క్లాంపు బిగించింది నేనే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే కథంతా ఎవరినో ఒకరిని తిడుతూ పోతాను. నా నోటి సంగతి నాకు తెలుసు.

అందరూ నన్ను పానా అంటారు. అసలు పేరు అడిగితే మా ఆవిడ కూడా కాస్త ఆలోచించాలి. ముప్ఫై నాలుగేళ్ళుగా కుళాయిలు బిగిస్తున్నాను. ఇల్లు ఎప్పుడు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు, పైపు మీద వేలితో కొట్టి నేనే చెప్తాను. పోత ఇనుమైతే తాతలనాటిది, జింకు పూతదైతే తండ్రులనాటిది, ప్లాస్టిక్కయితే నిన్నమొన్నటిది. టీచరమ్మగారి మేడలో ఈ మూడూ ఉన్నాయి. పై అంతస్తులో ఆవిడ ఉంటారు, అరవై ఏళ్ళ నాటి ఇల్లు. కింద పళ్ళ డాక్టరమ్మ పెట్టిన ఆస్పత్రి, పాత గదుల్ని పడగొట్టి ఏడాది కిందటే కొత్తగా చేయించింది. పాతింటికి ఒకడు, కొత్త ఆస్పత్రికి ఒకడు ఎందుకని ఇద్దరూ నన్నే పెట్టుకున్నారు. నాకూ గర్వంగానే ఉండేది. ఆ మేడ కడుపులో ఏముందో నాకు తప్ప ఎవడికీ తెలియదని పదిమందిలో అనేవాణ్ణి.

మేడ వెనక గోడల మధ్య పైపులు దిగే సందు ఒకటుంది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల లోతు. నాలాంటి బక్క మనిషి ఒక్కడే పడతాడు. ఆ పొద్దున ఏడుం పావుకి టీచరమ్మగారి స్నానాలగది కిటికీలోంచి ఆ సందులోకి దిగాను. చొక్కా, అందులో ఫోను, పనిముట్ల సంచి అన్నీ కిటికీ దగ్గరే వదిలేశాను.

ఎందుకు దిగానో కూడా చెప్పాలి. ఆవిడ గోడ చెమ్మెక్కుతోంది. ఆ చెమ్మ అడుగునుంచి, అంటే మా తమ్ముడు కట్టిన గోడలోంచి వస్తోందని నా నమ్మకం. నమ్మకం కూడా కాదు, ఆశ. వాడి పనిలో తప్పు పట్టుకుని, కళ్ళారా చూసి, డాక్టరమ్మకి చెప్పాలని దిగాను.

మా తమ్ముడు తాపీ మేస్త్రి. ఏడాది కిందట ఆస్పత్రికి గోడలు, టైల్సు వాడే వేశాడు. సందు అడుగున, ఆస్పత్రి వెనకగదిలోకి తెరుచుకునే చిన్న గూడు ఒకటుండేది. వీధిలోంచి వచ్చే మంచినీళ్ళ పైపుకి వాల్వు అందులోనే ఉండేది, సందులో పడ్డ నీళ్ళు పోయే తూము కూడా అక్కడే. నేను వాల్వు కట్టెయ్యమంటే వీడు గూడే కట్టేశాడు. ఇటుకలు పెట్టి, సిమెంటు పూసి, పైన తెల్ల టైలు అతికించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. వాల్వుకి సమాధి కట్టిన మేస్త్రిని మీరెక్కడైనా చూశారా అని నేను కనపడ్డ ప్రతివాడికీ చెప్పాను. వాళ్ళు నవ్వారు. నవ్వినకొద్దీ ఇంకా బాగా చెప్పాను. చివరికి వాడి పేరు సమాధి మేస్త్రి అయిపోయింది. ఇంటికి గోడ పెట్టుకునేవాడు అలాంటి పేరున్న మనిషిని పిలుస్తాడా? పిలవడు. ఏడాదిగా వాడికి సరైన పని లేదు. ఏడాదిగా మా మధ్య మాటల్లేవు. గూడు తెరిపించుకోవాలంటే వాణ్ణి అడగాలి కాబట్టి, నేను పైనుంచి కోతిలా దిగాను.

అడుగుకి వెళ్ళి చెయ్యి పెట్టి చూస్తే గోడ ఎండిపోయి ఉంది. ఎక్కడా చెమ్మ లేదు. చెమ్మంతా పైన, పోత ఇనుప పైపు అతుకు దగ్గర ఉంది. ఆ అతుకు వేసింది నేను. ఛీ అనుకుని పైకెక్కబోతూ ఆ పైపునే పట్టుకున్నాను. తుప్పు పట్టిన క్లాంపు ఊడొచ్చింది. నాలుగంగుళాల లావు, ఆరడుగుల పొడవున్న పైపు ముక్క నాతోపాటు కిందికొచ్చి, ఏటవాలుగా ఇరుక్కుని, నా ఎడమ మడమని గోడకేసి నొక్కి పట్టింది.

నొప్పి సంగతి అలా ఉంచండి. ఆ పైపు పడుతూ పడుతూ మంచినీళ్ళ పైపు వంపు తిరిగేచోట ఉన్న అతుకుని పగలగొట్టింది. చిల్లు నా మోకాళ్ళ కింద, ఇనుప పైపు వెనకాల ఉంది. వంగితే వేళ్ళ కొసలు తగులుతున్నాయి, అంతే. తలెత్తి అరిచాను.

"టీచరమ్మగారూ, టైమెంతయింది?"

ఆవిడ కిటికీలోంచి తొంగిచూశారు. డెబ్బై ఏళ్ళు దాటినా లెక్కల టీచరు లెక్కల టీచరే. "ఏడూ ముప్ఫై ఎనిమిది. ఏం పడిందయ్యా? నువ్వేనా?"

"నేనూ పడ్డానండి. కాలు ఇరుక్కుంది."

"పైకి రాగలవా?"

"రాగలిగితే టైము ఎందుకు అడుగుతానండి?"

మా వీధికి నీళ్ళు ఎనిమిదింటికి వదులుతారు, పదింటికి కట్టేస్తారు. వాల్వు గోడలో ఉంది. తూము కూడా గోడలోనే ఉంది. నీళ్ళు వస్తే బయటికి పోయే దారి లేదు. లెక్క చాలా తేలిక, టీచరమ్మగారు కూడా అక్కర్లేదు. ఎనిమిదింటికి ఈ సందు బావి అవుతుంది, నేను అందులో నిలబడి ఉంటాను.

ఆవిడకి అదంతా చెప్పాను. ఆవిడ కంగారుపడలేదు. నా చొక్కాలోంచి ఫోను తీసి, "ఎవరికి చెయ్యను?" అన్నారు.

తమ్ముడికి అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "లైన్‌మన్‌కి చెయ్యండి. నీళ్ళు వదలొద్దని చెప్పండి," అన్నాను.

లైన్‌మన్ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. ఈలోపు కింద ఆస్పత్రి తలుపు తీసిన చప్పుడైంది. డాక్టరమ్మ పొద్దున్నే వస్తుంది. టీచరమ్మగారు పైనుంచి కేకేసి సంగతి చెప్పారు. డాక్టరమ్మ వెనకగదిలోకి వచ్చి, గోడకి అటువైపు నుంచి మాట్లాడింది. గొంతు స్పష్టంగానే వినపడుతోంది.

"పానాగారూ, మా నర్సుని స్కూటీ మీద నీళ్ళ ఆఫీసుకి పంపాను. ఫైరింజన్‌కి కూడా ఫోన్ చేశాను. అరగంట పైనే పడుతుందన్నారు. మీకు ఊపిరి ఆడుతోందా?"

"ఇప్పటికి ఆడుతోందండి."

"ఈ గోడ పగలగొట్టించనా? పక్కన కొత్త కట్టడం దగ్గర డ్రిల్లింగు మిషనున్న వాళ్ళున్నారు."

"వద్దండి. ఆ గోడలోనే మీ కుర్చీకి వెళ్ళే కరెంటు వైర్లున్నాయి. తెలియనివాడు మిషను పెడితే మీరూ పోతారు, నేనూ పోతాను."

"ఎక్కడ ఏముందో ఎవరికి తెలుసు మరి?"

అక్కడ ఎక్కడ ఏముందో ఒక్కడికే తెలుసు. వాడి ఇల్లు రెండు వీధుల అవతలే.

నా పాటికి నేను ఏదో ఒకటి చెయ్యగలననుకున్నాను. టీచరమ్మగారు తాడు కట్టి పనిముట్ల సంచి దించారు. ఇనుప పైపుని రంపంతో కొయ్యబోయాను. రంపం జానెడు కూడా ఆడలేదు, ఆ చోట్లో దాన్ని కొయ్యాలంటే సాయంత్రం అవుతుంది. పానా పెట్టి ఎత్తబోయాను. పైపు ఇంకా కిందికి దిగి మడమని నొక్కింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. తువ్వాలు చుట్టగా చేసి వేళ్ళ కొసలతో చిల్లులోకి కుక్కాను. సగం వెళ్ళింది, సగం వేలాడుతోంది. టీచరమ్మగారు పైనుంచి ఇంకో ఇద్దరు ప్లంబర్లకి ఫోన్ చేశారు. ఒకడు ఊళ్ళో లేడు. రెండోవాడు, ఆ పాతిల్లా, దాని సంగతి పానాకే తెలుసండీ, ఆయన్నే అడగండి అన్నాడట. నా గొప్పలన్నీ తిరిగొచ్చి నా నెత్తినే పడ్డాయి.

"ఏడూ యాభై ఆరు," అన్నారావిడ, అడక్కుండానే.

మొండితనం ఎంత చెడ్డదో అప్పుడు తెలిసింది. చావు భయం ఒకపక్క పీకుతోంది. ఇంకోపక్క, వాడు వచ్చి నన్ను ఈ స్థితిలో చూస్తాడే అని సిగ్గు పీకుతోంది. నిజం చెప్పొద్దూ, ఆ నాలుగు నిమిషాలూ సిగ్గే గెలిచింది.

ముందు పైపులో గాలి కక్కిన చప్పుడు వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళుగా వింటున్న చప్పుడే, ఏ ఇంట్లో విన్నా సంతోషంగా ఉండేది. తువ్వాలు వచ్చి నా పొట్టకి కొట్టుకుంది. దాని వెనకే నీళ్ళొచ్చాయి, అంటే నర్సు వేళకి అందలేదు. అరనిమిషంలో పాదాలు మునిగాయి.

"టీచరమ్మగారూ, మా తమ్ముడికి చెయ్యండి."

"ఏ పేరుతో ఉంది?"

నేను కాళ్ళ దగ్గర నీళ్ళకేసి చూశాను.

"పేరు చెప్పవయ్యా, తమ్ముడు అని వెతికితే రావట్లేదు."

"సమాధి అని ఉంటుందండి."

ఆవిడ ఆ పేరు వెతికారు. ఫోన్ చేశారు. ఆవిడ గొంతు పెద్దది, పాఠం చెప్పిన గొంతు. కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతుంటే ప్రతి ముక్కా సందులోకి దిగుతోంది.

"హలో, ఎవరండీ, సమాధిగారేనా?"

అయిపోయింది, పెట్టేస్తాడు అనుకున్నాను. పెట్టెయ్యడమే న్యాయం కూడా. ఆవిడ రెండు ముక్కల్లో సంగతి చెప్పి, కిందికి తొంగిచూశారు.

"వస్తున్నాడయ్యా. పేరు అడిగితే, ఔనండీ నేనే, అన్నాడు."

ఔనండీ, నేనే. నేను పెట్టిన పేరుకి వాడు పలికాడు. ఎవరు పిలిచినా అలాగే పలుకుతున్నాడన్నమాట. నీళ్ళు మోకాళ్ళు దాటుతున్నాయి, చల్లగా ఉన్నాయి. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. చిన్నప్పుడు వాడికి చెప్పులు లేకపోతే నా చెప్పులు ఇచ్చి నేను ఉత్త కాళ్ళతో బడికి వెళ్ళానని గొప్పగా చెప్పుకునే మనిషిని నేను. ఇప్పుడు వాడి ఒంటి మీది పేరు కూడా నేనే ఊడబెరికాను.

గోడ అవతల డాక్టరమ్మ గొంతు కంగారుగా వినపడింది. "ఎవరు వస్తున్నారు? ఆ వాల్వుకి గోడ కట్టినాయనా? పానాగారూ, ఆయన్నెందుకు? మీరే కదా చెప్పారు, వాల్వు కట్టెయ్యమంటే గోడ కట్టే రకమని. మళ్ళీ ఏదో ఒకటి చేస్తే?"

నీళ్ళు నడుము దాటాయి. అప్పుడు చెప్పాను. గోడకేసి నోరు పెట్టి, గట్టిగా చెప్పాను.

"డాక్టరమ్మగారూ, నేను చెప్పింది సగమేనండి. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నేను ఒక హోటలు వంటింట్లో పైపు పగిలి తడిసి ముద్దయి ఉన్నాను. వాడు ఫోన్ చేసి, అన్నయ్యా, గూట్లో వాల్వు కారుతోంది, టైల్సు వేసెయ్యాలి, ఏం చెయ్యను, అన్నాడు. కట్టెయ్ అన్నాను. వాడు అడిగాడండి. గూడు కట్టెయ్యమంటావా అన్నయ్యా, అని అడిగాడు. నేను వినిపించుకోలేదు. నీకు తెలుగు రాదురా, ఒక మాట ఎన్నిసార్లు చెప్పాలి, కట్టెయ్, గట్టిగా కట్టెయ్, చుక్క బయటికి రాకూడదు, అని అరిచి పెట్టేశాను. వాడు తాపీ మేస్త్రి. మేస్త్రిని కట్టెయ్ అంటే ఏం కడతాడు? తప్పు వాడిది కాదు. నాదే. మొదట్నించీ నాదే."

నీళ్ళ చప్పుడు ఒక్కటే. వినపడలేదేమో అనుకుని మళ్ళీ మొదలుపెట్టబోయాను.

"మాట్లాడకన్నయ్యా," అన్నాడు మా తమ్ముడు. "ఊపిరి దాచుకో."

ఎప్పుడొచ్చాడో తెలియదు. ఎంతవరకూ విన్నాడో తెలియదు. ఏడాది తరవాత ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. ఏడిచాను. సందులో ఎవరు చూస్తారు?

"కరెంటు ఆపించాను," అన్నాడు. "నీళ్ళెంతవరకూ ఉన్నాయి?"

"రొమ్ము దాకా."

"ఏ కాలు?"

"ఎడమ."

"గోడకి దూరంగా ఉండు."

"ఎంత దూరం ఉంటానురా, రెండడుగుల సందులో?" అన్నాను. చచ్చేముందు కూడా నా నోరు ఊరుకోదు.

వాడు నవ్వాడనుకుంటాను. సుత్తి వెనకభాగంతో టైల్సు మీద తట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగాడు. ఉలి పెట్టి కొట్టాడు. నేను గంటసేపు పడుతుందనుకున్నాను. గూడంతా కాంక్రీటుతో నింపాడని ఊరంతా చెప్పింది నేనే మరి. నీళ్ళు మెడకి వచ్చాయి. తల వెనక్కి వాల్చి పైకి చూశాను. కిటికీలో టీచరమ్మగారి మొహం కనపడింది. ఆవిడ టైము చెప్పడం మానేశారు. దానికి నాకు ఎక్కువ భయమేసింది.

అవతల ఇటుకలు రాలిన చప్పుడు, ఆ వెంటనే ఇసుక జారిన చప్పుడు వినిపించాయి. ఇసుక ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. గడ్డం కింద నీళ్ళు ఊగుతున్నాయి. నోరు మూసుకుని ముక్కుతో పీలుస్తున్నాను. అప్పుడు పైపు ఒక్కసారి దగ్గినట్టు అదిరి ఊరుకుంది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"వాల్వు కట్టేశాను," అన్నాడు. "ఇప్పుడు లోపలి గోడకి చిల్లు పెడతాను. నీళ్ళు ఇటు వస్తాయి. డాక్టరమ్మగారూ, మీ గది తడుస్తుంది."

"తడవనివ్వండి," అంది డాక్టరమ్మ.

ఆ లోపలి గోడ మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. వాడు పది పన్నెండు దెబ్బలు కొట్టాక గానీ ఉలి కొస ఇటు రాలేదు. చిల్లు పడగానే నీళ్ళు నా ఒంటిమీదినుంచి దిగడం మొదలుపెట్టాయి, మెడ, రొమ్ము, నడుము. మోకాళ్ళు బయటపడ్డాక చిల్లు పెద్దదైంది. అందులోంచి ఒక చెయ్యి వచ్చింది. గోళ్ళల్లో సిమెంటు, మణికట్టు మీద చిన్నప్పటి కాలిన మచ్చ. ఆ చెయ్యి నా మోకాలిని తడిమి పట్టుకుంది. నేను రెండు చేతులతో ఆ చేతిని పట్టుకున్నాను.

"వదులన్నయ్యా, గడ్డపార పెట్టాలి," అన్నాడు.

ఇంకాసేపటికి, ఫైరింజన్ రాకముందే, తమ్ముడూ డాక్టరమ్మా నన్ను గూట్లోంచే లాగారు. ఆస్పత్రిలో పొడిగా ఉన్నది పళ్ళ కుర్చీ ఒక్కటే. అందులో కూర్చోబెట్టి డాక్టరమ్మ నా మడమకి కట్టు కట్టడం మొదలుపెట్టింది. నోరు తెరవక్కర్లేకుండా ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణేనట. అప్పుడు చూశాను గూటి వైపు. వాల్వు కింద తడిసిన గోనెముక్క వేలాడుతోంది. నేల మీద ఇసుక కుప్పగా పడి ఉంది. సిమెంటు లేదు. ఇటువైపు ఒక్క వరస ఇటుక, అంతే.

"ఇదేంట్రా?" అన్నాను.

"వాల్వుకి గ్రీజు పూసి గోనె చుట్టాను. చుట్టూ ఇసుక పోశాను," అన్నాడు, ఉలి తుడుచుకుంటూ. "ఎప్పుడైనా నీకు కావలసి వస్తే తుప్పు పట్టి ఉండకూడదని. సందు వైపు మాత్రం గట్టిగానే కట్టాను. చుక్క రాకూడదన్నావుగా."

"అంత ఆలోచించినవాడివి, మళ్ళీ కావలసి వస్తుందని తెలిసినవాడివి, ఇంకోసారి ఫోన్ చేసి అడగొచ్చు కదరా?"

"ఒకసారి అడిగాగా. తిట్టావు."

డాక్టరమ్మ కట్టు కడుతున్నదల్లా ఆగి, వాడి వైపు చూసి మళ్ళీ తన పని చూసుకుంది. టీచరమ్మగారు మెట్లు దిగి వచ్చి, నా ఫోను వాడి చేతికే ఇచ్చారు. తెర మీద ఆ పేరు ఇంకా ఉంది. వాడు చూశాడు. చూసి, తడి తగలకుండా చొక్కా అంచుతో తుడిచి నా ఒళ్ళో పెట్టాడు.

తరవాత గూటి దగ్గరికి వెళ్ళి, విరిగిన ఇటుకల్ని ఒకపక్కకి పేరుస్తూ, "దీన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇలా చెయ్, అలా చెయ్ అని. అది ఆపుకోవడం కంటే సందులో నీళ్ళు మింగడం తేలిక.

"నువ్వు చెప్పరా. ఏం చేస్తే బాగుంటుంది?"

వాడు వెనక్కి తిరిగాడు. యాభై ఏళ్ళ మనిషి, జుట్టు నిండా టైల్సు పొడి. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని కాసేపు నా మొహంలోకి చూశాడు.

"చెప్తే తిట్టవుగా?" అన్నాడు.